నీడ నేర్చిన స్పానిష్

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెని ఇస్త్రీ అక్క అంటారు. పొద్దున ఎనిమిదింటికి బల్ల ముందు నిలబడితే సాయంత్రం ఐదింటిదాకా నిలబడే ఉంటుంది. ముందు కాలరు, తర్వాత చేతులు, ఆఖరికి వీపు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఈ మధ్య మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే నిలబడితే ఆ తర్వాత నిలబడే అవసరమే రాదని డాక్టరు మెల్లగా చెప్పాడు.

అలాంటప్పుడు ఆఫీసు గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. చొక్కాలు కొనే కొత్త కంపెనీవాళ్ళు ఉత్తరాలన్నీ స్పానిష్‌లోనే రాస్తున్నారట. మూడు నెలల్లో ఆ భాష నేర్చుకుని జవాబు రాయగలిగినవాళ్ళదే ఆ కుర్చీ అన్నాడు మేనేజరు. ఆమెకి కుర్చీ అన్న మాట తప్ప ఇంకేమీ వినబడలేదు.

మందుల షాపు పై గదిలో, ఓడల్లో వంట చేసి రిటైరైన మాస్టారు సాయంత్రాలు స్పానిష్ చెబుతాడు. మొదటిరోజు రెండో పలకరింపు దగ్గరే ఆమె బల్ల మీద వాలి గుర్రు పెట్టింది. రెండోరోజూ అదే తంతు. మూడోరోజు మెట్లెక్కే ఓపిక లేక నీడని పంపేసింది. ఆ ఊళ్ళో అదేం వింత కాదు. క్యూలో చోటు పట్టడానికి, మంచాన పడ్డవాళ్ళని ఓసారి చూసి రావడానికి అందరూ నీడల్నే పంపుతారు. చదువుకి మాత్రం ఎవరూ పంపి ఎరగరు.

నీడ ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. ఇంటికొచ్చాక వంటింటి గోడ మీద పెదాలు కదుపుతూ వల్లె వేసుకునేది. ఆమె కాళ్ళు చాపుకుని మురిసిపోతూ చూసేది.

"దానికొస్తే నీకొచ్చినట్టేనా? నేను తింటే నీ కడుపు నిండుతుందా?" అన్నాడు లిఫ్టు నడిపే మొగుడు.

"రోజంతా కూర్చునే మనిషి, మీకేం, ఎన్నయినా చెబుతారు. అదేమన్నా పరాయిదా? నా నీడేగా."

పరీక్షరోజు మేనేజరు ఆమె ముందు ఒక ఉత్తరం పెట్టాడు. "జవాబు రాయి అక్కా."

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నీడకి అన్నీ తెలుసు, కానీ నీడ పెన్ను పట్టుకోలేదు. కాగితం మీద పడ్డ నీడ చెయ్యి గబగబా కదులుతోంది. ఆమె పెన్ను తీసి, అది ఎటు కదిలితే అటు కదిపింది. పుట్టిన దగ్గర్నుంచి అది నా వెనక తిరిగింది, ఒక్క పూట నేను దాని వెనక తిరిగితే అరిగిపోతానా, అనుకుంది.

పేజీ నిండింది. మేనేజరు దాన్ని మాస్టారికి పంపి చూపించాడు. వెతికినా తప్పు దొరకలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసు గదిలో కుర్చీ ఆమె కోసం ఎదురుచూస్తోంది. మెత్త కూడా ఉంది. సంచీ బల్ల మీద పెట్టి కూర్చోబోయింది. మోకాళ్ళు వంగలేదు. ఎంత ప్రయత్నించినా వంగలేదు.

గోడవైపు చూస్తే సంగతి తెలిసింది. నీడ ఇంకా నిలబడే ఉంది. గోడకి అంటించిన స్పానిష్ కాగితాల్ని ఒక్కొక్కటే చదువుకుంటోంది. నిన్న దాని వెనక నడిచిన ఒళ్ళు ఇవాళ కూడా దాని వెనకే నడుస్తోంది.

"కూర్చోవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అంది.

నీడ తల తిప్పలేదు. ఆమె గట్టిగా కసిరింది. బుజ్జగించింది. మూడు నెలలు ఆ భాషలోనే బతికిన నీడకి ఇంకో భాష చెవికెక్కడం లేదు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవడానికైనా కాసేపు కూర్చోవాలిగా.

ముక్కు తుడుచుకుని సంచీలోంచి మాస్టారు ఇచ్చిన పుస్తకం తీసింది. ఇంతవరకు అట్ట కూడా నలగలేదు. కూర్చోమని ఆ భాషలో ఎలా చెప్పాలో వెతుక్కుంటూ, నిలబడే, మొదటి పేజీ తిప్పింది.