తోడల్లుడు పాడిన పాట

వెన్నుకి ఆపరేషన్ అయ్యాక ఇక బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. పన్నెండేళ్లుగా బీరువాలూ మంచాలూ మోసిన పికప్‌ను వేలానికి పెట్టక తప్పలేదు వడ్రంగికి.

పాటకి ముందు కొనేవాళ్లు బండిని స్టార్ట్ చేసి చూసుకోవచ్చు. ముగ్గురు ప్రయత్నించారు. ముగ్గురి చేతుల్లోనూ అది దగ్గి ఊరుకుంది. అమ్ముకోవడానికి వచ్చినవాడు కంగారు పడాలి గానీ, వడ్రంగికి లోలోపల ఎంత సంబరమో! తన మాట తప్ప ఇంకెవరి మాటా వినదు మరి.

అంతలో తోడల్లుడు దిగాడు. రంగుల కొట్టు నడుపుతాడు, చొక్కా మీద మాత్రం ఒక్క మరక ఉండదు. అత్తగారి నోట ఎప్పుడూ ఈ చిన్నల్లుడి జపమే. అతను బండెక్కి, యాక్సిలరేటర్ రెండుసార్లు సగం దాకా తొక్కి, క్షణం ఆగి తాళం తిప్పాడు. బండి బుద్ధిగా పలికింది.

వడ్రంగికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కిటుకు తెలిసింది తనకీ తన భార్యకీ మాత్రమే.

పాట మొదలైంది. తోడల్లుడి పాట మీద వేలంవాడు "రెండోసారి" అనేసరికి వడ్రంగి ఆగలేక ఇటుకల వ్యాపారి పక్కన చేరాడు.

"వదలకండి బాబూ, బంగారం లాంటి బండి."

వ్యాపారి ఇంకాస్త పెంచాడు. తోడల్లుడు ఆపైన పెంచాడు. అలా నాలుగుసార్లు ఎగదోసినా, చివరికి బండి తోడల్లుడిదే అయింది.

తాళం ఇస్తూ అడిగేశాడు వడ్రంగి. "స్టార్ట్ చేయడం ఎవరు నేర్పారు నీకు?"

"వదిన."

"ఎప్పుడు?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే అన్నయ్యా. పెళ్లివారి మంచాలు ఎవరు చేర్చారనుకున్నావు? రెండు నెలలు కొట్టు మూసి నేనే తిరిగాను. నీకు చెబితే పస్తులుండైనా నన్ను ఆపుతావని వదిన చెప్పొద్దంది."

కూలి డ్రైవరు చేర్చాడని అప్పట్లో చెప్పింది భార్య. వడ్రంగి నేల చూపులు చూశాడు.

"పాట పెరిగింది నావల్లేనయ్యా. వాణ్ణి ఎగదోసింది నేనే."

"విన్నానులే. నువ్వు గుసగుసలాడితే వీధి చివరికి వినిపిస్తుంది. ఎక్కు, ఇంటి దగ్గర దింపుతాను."

సొంత బండిలో పక్క సీటు ఎక్కడం అదే మొదలు. ఎక్కడ గేరు విరుస్తాడో, ఎక్కడ గుంతలో దించుతాడో అని దారి పొడుగునా కాచుకు కూర్చున్నాడు. ఒక్క తప్పూ దొరకలేదు. బాగా నడుపుతున్నావని చెప్పబోయి, "మలుపు దగ్గర చూసుకో" అన్నాడు.

ఇంటికొచ్చాక భార్యతో అన్నాడు. "నీ మరిది చెయ్యి మంచిదే. బండి తనకే ఇచ్చాను."

"నాకు తెలియదా! నీకంటే మెత్తగా నడుపుతాడు," అందావిడ.

వడ్రంగి మూతి ముడుచుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.