వెళ్ళడానికి, ఉండడానికి

తోలు సంచిలో అడుగున ఉన్ని మేజోళ్ళు పెట్టాను. వాటి మీద గుడ్డలో చుట్టిన గట్టి జున్ను, ఎండు చేప, సిరా కొమ్ము. ఈక కలాలు విరగకుండా పక్కన నిలబెట్టాను. అంతా సర్దాక మళ్ళీ తీసి మళ్ళీ సర్దాను. సంచి కట్టేస్తే మా తమ్ముడు ఓస్బర్ట్ వెళ్ళిపోతాడు.

వాడు వెస్ట్‌మినిస్టర్‌లో రాజుగారి పత్రాలు రాసే రాయసగాడు. రాజుగారి కూతురి పెళ్ళి మాటలకని సముద్రం దాటి, అక్కడి సీమనేలే కౌంట్ కోటకు రాయబారం వెళ్ళమన్నారు. ఆ కౌంట్‌కూ మా రాజుకూ నిన్నమొన్నటిదాకా యుద్ధం. కౌంట్ ముద్ర ఉన్న అభయపత్రం చేతిలో లేకుండా అక్కడ అడుగు పెట్టకూడదు. అది ఆ పొద్దున్నే వచ్చింది.

అభయపత్రంలో ఎప్పుడూ మూడు మాటలుంటాయి. వెళ్ళడానికి, ఉండడానికి, తిరిగి రావడానికి. తమ్ముడు రాసి పారేసిన తోలు ముక్కల మీద అక్షరాలు దిద్దుకున్న నాకు కూడా అవి కంఠతా వచ్చు. ఇందులో రెండే ఉన్నాయి.

"మూడోది ఏదిరా?"

"నేనూ అదే వెతుకుతున్నానక్కా."

అంతలో పెద్ద రాయసం గెర్వేస్ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమయ్యా, పోటు తగ్గిపోతోంది. పడవ బురదలో కూచుంటే నువ్వు మోస్తావా?"

"అయ్యా, 'తిరిగి రావడానికి' అన్న మాట లేదు. వెనక్కి పంపి రాయించండి."

గెర్వేస్ నవ్వాడు. "పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుంటావేం? తనని నమ్మలేదని కౌంట్‌కి తెలిస్తే సంబంధం చెడదూ? ఎవడో తొందరలో వదిలేసుంటాడు."

"నేనొక్క మాట వదిలేసినందుకే కదా, క్రిస్మస్ విందులో నన్ను కూచోనివ్వలేదు మీరు!"

"అది రాజుగారి పత్రమయ్యా."

"ఇది నా ప్రాణమండీ!"

నాకు ఒళ్ళు మండింది. "పోనీ మీరే వెళ్ళండయ్యా. రెండు మాటలు చాలుగా?"

ఆయన నావైపు చూడనైనా లేదు. "ఆడదానికి చదువబ్బితే ఇంతే, ఓస్బర్ట్."

తమ్ముడి మొహం కందగడ్డ అయింది. "వెళ్ళనంటే ద్రోహినంటారు. కట్టెయ్యక్కా," అన్నాడు. సంచి పట్టీ బిగించాను.

పెళ్ళి మాటలు బెడిసికొట్టాయి. కోటలో ఆపేసిన మావాణ్ణి తిరిగి పంపమంటే కౌంట్ కబురు చేశాడట: "వెళ్ళడానికి, ఉండడానికి అని రాశాను. వచ్చాడు, ఉన్నాడు. నేను మాట తప్పలేదే!" అది విని రాజుగారి విందులో అందరూ నవ్వారట. నవ్వారు!

మరుసటి వసంతంలో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఈసారి గెర్వేసే వెళ్ళాడు. అభయపత్రం వెనక్కి పంపి మరీ మూడు మాటలూ రాయించుకున్నాడు. అప్పుడు కౌంట్‌కు కోపమూ రాలేదు, సంబంధమూ చెడలేదు. వేసవికల్లా ఆయన ఒళ్ళు చేసి తిరిగొచ్చాడు. రేవులోనే ఎదురెళ్ళి అడిగాను.

"మా తమ్ముణ్ణి విడిపించమని అడిగారా?"

"సందర్భం రాలేదమ్మా."

ఓస్బర్ట్ చలికాలం మొదట్లో, సెయింట్ మార్టిన్ పండుగ మర్నాడు పడవెక్కాడు. ఆ ఏడు రాలేదు. ఆ రాజుగారు పోయి కొడుకు గద్దెనెక్కిన ఏడు కూడా రాలేదు. ఇక రాలేదు.