సాపు ప్రతి

తన తమ్ముడు దారి తప్పాడన్న వాక్యం చదవగానే ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

యుద్ధం రోజుల్లో సముద్రతీరం వెంట కాపలా తిరిగిన విమాన దళం చరిత్రను ఒక రిటైర్డ్ మాస్టారు రాస్తున్నారు. అచ్చుకు వెళ్లేముందు పాతవాళ్లకు చూపిద్దామని ప్రూఫులు పంపారు. ఆవిడ ఆ దళంలో రేడియో ఆపరేటరు. తమ్ముడు అక్కడే పైలట్. ప్రూఫులు చంకన పెట్టుకుని బస్సెక్కి, మధ్యాహ్నానికల్లా ఆవిడ మాస్టారి గుమ్మంలో దిగింది.

"దారి తప్పింది మావాడు కాదు మాస్టారూ, మీరు," అంది, కూర్చోకుండానే.

మాస్టారు కుర్చీ జరిపారు. మర్యాదస్తుడే. కాకపోతే కాగితంలో ఉంటే తప్ప తెల్లారిందని కూడా ఒప్పుకోని రకం.

ఆ దళంలో ఒక కట్టుబాటు ఉండేది. బదులు విమానం వచ్చి రెక్కలు ఊపేదాకా కాపలా విమానం చోటు వదలకూడదు. ఆ రోజు తమ్ముడు పెట్రోలు అయిపోవస్తోందని, వెనక్కి వచ్చేస్తానని మూడుసార్లు అడిగాడు. బదులు విమానం బయలుదేరింది, ఉండమని చెప్పు అన్నాడు కమాండర్. ఆవిడ చెప్పింది. పెట్రోలు అయిపోయి తమ్ముడు విమానంతో సహా సముద్రంలో కూలిపోయాడు. రేడియో గదికి సముద్రం వైపే కిటికీ, షెడ్డు కనబడదు. బయటికొచ్చాక తెలిసింది, బదులు విమానం కదలనే లేదని. తనిఖీకొచ్చిన పెద్దమనిషి చూసి మురిసిపోవాలని దాన్ని తుడిచి మెరిపించి షెడ్డు ముందు నిలబెట్టారు.

"లాగ్ పుస్తకంలో అలా లేదమ్మా," అంటూ మాస్టారు పాత పుస్తకం తెరిచారు.

'వెనక్కి రమ్మన్నాం. పైలట్ వినలేదు. దారి తప్పాడు.' నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. ఆవిడవే.

విన్నది విన్నట్టు పెన్సిల్‌తో గీకడం, సాయంత్రం ఇంకుతో సాపు రాయడం, పెన్సిల్ కాగితాలు పొయ్యిలో పడేయడం అక్కడి పద్ధతి. ఆ సాయంత్రం కమాండర్ చెబుతూ పోయాడు, ఆవిడ రాస్తూ పోయింది. ఏడుస్తూ కూడా అక్షరం వంకర పోనివ్వలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల, ఎదురు చెప్పడం తెలియదు. తెలియకపోవడమేంటి, భయం. ఆ కమాండర్ మాత్రం పతకాలు తగిలించుకుని ముసలితనం దాకా నిక్షేపంగా బతికాడు. కడుపు మండదూ మరి?

"మార్చాలంటే లాగ్ అబద్ధమని రాయాలి," అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి. "ఆ అబద్ధం ఎవరి చేతిరాతో కూడా రాయాలి. మీ మనవలు చదువుతారమ్మా."

బస్సులో గంటన్నర సేపు ఆవిడ కమాండర్ని తిట్టింది, మాస్టారిని తిట్టింది. ఆ తిట్లన్నీ ఇప్పుడు తిరిగొచ్చి తనకే తగిలాయి. అయినా కోపం చల్లారలేదు, ఇంకా పెరిగింది.

మాస్టారి జేబులోంచి పెన్ను తనే లాక్కుంది. తమ్ముడి మీద రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి కింద రాసింది: 'ఇతను మూడుసార్లు వెనక్కి వస్తానన్నాడు. ఉండమన్నారు. ఉన్నాడు. వినలేదని అబద్ధం రాసింది నేను, ఇతని అక్కని.'

అక్షరాలు పడుతూ లేస్తూ వచ్చాయి. మాస్టారు కాగితం అందుకుని, "నేను సాపు చేయిస్తాలెండి," అన్నారు.

"వద్దు," అంది ఆవిడ. "మావాణ్ణి రెండోసారి ముంచింది ఆ సాపు రాతే. ఇలాగే అచ్చు వేయండి."