పెద్ద సారు లేచేదాకా

ఇచ్చోడలోని పీజీ సెంటరును మూసేయాలన్న ప్రతిపాదన ఆ రోజు అకడమిక్ కౌన్సిల్ ముందుకు వస్తుందని, అందులో సభ్యురాలైన ప్రొఫెసర్ మహేశ్వరికి ముందే తెలుసు. మానేరు యూనివర్సిటీ ప్రగతిపథంలో దూసుకుపోవాలంటే పిల్లలు తక్కువున్న సెంటర్లు అడ్డమట. తనిఖీకి న్యాక్ వాళ్లొస్తే యూనివర్సిటీ గ్రేడు తగ్గుతుందట. ఈ ప్రగతికి అడ్డం వచ్చేది ఎప్పుడూ ఆదిలాబాద్ దిక్కు పిల్లలే ఎందుకవుతారో ఏ వీసీ చెప్పడు.

ఆ సెంటర్లో చదివేది ఎక్కువగా చుట్టుపక్కల గూడేల ఆడపిల్లలు. పొద్దున షేర్ ఆటోల్లో వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు. కరీంనగర్‌లోని మెయిన్ క్యాంపస్ హాస్టల్లో ఉండి చదువుకోండంటే వాళ్లలో చాలామంది చదువు అక్కడితో ఆగిపోతుంది. అక్కడ కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే సారక్క పొద్దున్నే ఫోన్ చేసింది.

"మేడం, మా దిక్కు మాట్లాడెటోళ్లు మీరొక్కలే. జర గట్టిగ అడుగుండ్రి."

"ఫికర్ చెయ్యకు సారక్కా, నేనున్న గదా" అంది మహేశ్వరి.

ఆ ధైర్యం వెనక కరుణాకర్‌రావు సారు ఉన్నాడు. కౌన్సిల్లో అందరికంటే సీనియర్, ఒకప్పుడు ఆమెకు పీహెచ్‌డీ గైడు. నిన్న ఇంటికి వెళ్లి అడిగితే "గా సెంటర్ మూసుడు తప్పే, ఆపుదాం" అన్నాడు. ఆ కౌన్సిల్లో ఒక పద్ధతి ఉంది. వీసీ మాటకు అడ్డం చెప్పాలంటే ముందు పెద్ద సారు లేవాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. ఎక్కడా రాసి లేదు. కానీ ఆయన కూర్చుని ఉండగా శిష్యురాలు లేచి మాట్లాడితే గురువును నలుగురిలో తీసిపారేసినట్టే.

వీసీ అంశం చదివి, తలెత్తి అందరినీ చూశాడు. మహేశ్వరి కరుణాకర్‌రావు వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. తుడవడం అయ్యాక లేస్తాడనుకుంది. మిగతా సభ్యులూ ఆయన్నే చూస్తున్నారు. లేచి అడుగు, అడుగు అని మనసు పోరు పెడుతున్నా ఆమె కుర్చీలోంచి కదల్లేకపోయింది.

"అభ్యంతరాలు లేవు. ఆమోదించినట్టే" అన్నాడు వీసీ. అందరూ బల్లలు చరిచారు.

బయట వరండాలో ఆమె సారుకు ఎదురు నిలబడింది. "మీరు లేస్తరని చూసిన సార్."

ఆయన తెల్లబోయాడు. "నువ్వు లేస్తవని నేను చూసిననమ్మా. గా సెంటర్ సంగతి నీకు తెలిసినంత నాకు తెల్వది గదా. నువ్వు మొదలువెడితే నీ ఎన్క నిలబడదామనుకున్న."

అది నిజమో, తప్పించుకునే మాటో ఆమెకు అర్థం కాలేదు. నిజమే అయితే ఇంకా ఘోరం. ఇద్దరి మర్యాదల మధ్య పిల్లల చదువు పోయింది. మహేశ్వరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్ మోగింది. సారక్క.

"మూసేస్తున్నరట గదా మేడం. గిప్పుడే మెసేజ్ వచ్చింది. పిల్లలు ఏడుస్తున్నరు. మన దిక్కు ఎవ్వలు మాట్లాడలేదా అని అడుగుతున్నరు. మీరు మాట్లాడిన్రు గదా?"

మహేశ్వరి గోడకు ఆనుకుంది.

"ఆ... మాట్లాడిన."

"నాకెర్కే మేడం. వాళ్లు ఇనకపోతే మీరేం జేస్తరు? జర లైన్ల ఉండుండ్రి. పిల్లలు మీకు థ్యాంక్స్ చెప్తరట."