మాటలు మోసే మనిషి

“ఉప్పు ఇటు ఇమ్మని మీ మామగారితో చెప్పు,” అన్నాడు భర్త, ఉడకబెట్టిన గుడ్డు వలుచుకుంటూ.

ఉప్పు గిన్నె మామగారి మోచేతి పక్కనే ఉంది. మామగారు కొడుకుకి ఎదురుగానే కూర్చున్నారు. ఆయనకు చెవుడేమీ లేదు. ఆ సంగతి కోడలికంటే బాగా ఎవరికీ తెలియదు, ఏడాదికోసారి ఆయన చెవులు పరీక్ష చేసేది ఆమే. అయినా సరే, పొయ్యి దగ్గర నుంచి ఆమె వచ్చి, “మామయ్యా, కాస్త ఉప్పు ఇస్తారా,” అని అడగాలి. ఆయన గిన్నెను కొడుకు వైపు కాకుండా కోడలి వైపు జరపాలి. ఆమె దాన్ని తీసి మొగుడి ముందు పెట్టాలి. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఇదే తంతు. రోజంతా చెవుల ఆసుపత్రిలో వినబడనివాళ్లకు పరీక్షలు చేసి ఇంటికొస్తే, ఇక్కడ అన్నీ వినబడీ విననివాళ్లు ఇద్దరు.

ఇంతకీ గొడవ ఆస్తి గురించి కాదు, అంతస్తు గురించి కాదు. మామగారు ఊళ్లో పాత నాయకుడు పెద్దాయన పక్షం, భర్త ఆయన మీద పోటీకి దిగిన కొత్తాయన పక్షం. కిందటి ఎన్నికల్లో కొత్తాయన ఓడిపోయిన రోజున మామగారు టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టారు. “నాన్నా, నువ్వు ఆ దొంగకి అమ్ముడుపోయావు,” అన్నాడు కొడుకు. “నా ఇంట్లో కూర్చుని నన్నే అంటావా? ఇక నాతో మాట్లాడకు,” అన్నారు తండ్రి. అంతే, ఇద్దరి నోళ్లకూ తాళాలు పడ్డాయి. తాళంచెవి మాత్రం ఆమె కొంగున కట్టారు. ఆ ఇద్దరు నాయకులూ ఎక్కడన్నా పెళ్లిలో ఎదురుపడితే నవ్వుకుంటూ ఫొటోలు దిగుతారు. వీళ్లకే లేనిపోని పౌరుషం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో ఆమె.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేది. రెండో రోజుకే తెలిసొచ్చింది, అలా చెబితే ఇంట్లో గిన్నెలు మిగలవని. అందుకని మాటల్లో ముళ్లు ఏరడం మొదలుపెట్టింది. “వాళ్ల పెద్దాయన వేయించిన రోడ్డు మీద పడి నడుం విరగ్గొట్టుకుంటే నేను ఆసుపత్రికి రానని చెప్పు,” అంటాడు భర్త. “రోడ్డు బాగాలేదట మామయ్యా, చూసుకుని నడవమన్నారు,” అంటుంది ఆమె. “కొత్తాయన మాటలు విని ఊరంతా పిచ్చెక్కిపోతోందని చెప్పు వాడికి,” అంటారు మామగారు. “కొత్తాయన మాటలు ఊరంతా వింటున్నారట కదా, మామయ్య అంటున్నారు,” అంటుంది భర్త దగ్గర. “ఆ ముసలి పెద్దాయన్ని ఇంట్లో పడుండమను, చేసిన నిర్వాకం చాలు,” అన్న మాట ఇవతలి గదికొచ్చేసరికి, “ఈ వయసులో పెద్దాయన ఎంత కష్టపడ్డారో, ఇకనైనా విశ్రాంతి తీసుకోవాలంటున్నారు,” అయ్యేది. ఇది కూడా పనే. వంటపని, ఆసుపత్రి పని అయ్యాక మూడో పని. దీనికి ఆదివారం సెలవు కూడా లేదు.

ఆ పని వల్లే పోయినేడు ఆమె శిక్షణకు వెళ్లలేకపోయింది. అప్పుడే పుట్టిన పిల్లలకు వినికిడి ఉందో లేదో పరీక్షించడం పక్క ఊళ్లో మూడు వారాలు అక్కడే ఉంచుకుని నేర్పిస్తారు. నేర్చుకొస్తే ఆసుపత్రిలో పసిపిల్లల గది ఆమెదే. “నువ్వు లేకపోతే మా ఇద్దరి మధ్యా మాటలెవరు అందిస్తారు? ఒకళ్లనొకళ్లు చంపుకుంటాం,” అన్నాడు భర్త. “ఇల్లన్నాక ఇల్లాలు ఉండాలమ్మాయ్,” అన్నారు మామగారు. ఆ ఒక్క విషయంలో రెండు పక్షాలదీ ఒకే మాట అయినా, ఆ మాట కూడా చెరోసారి ఆమెకే విడివిడిగా చెప్పారు. ఆమె వెనక చేరిన అమ్మాయి వెళ్లొచ్చింది, ఆమె తర్వాత ఇంకొకామె. ఈ ఏడు మళ్లీ అవకాశం వచ్చింది. “ఈ మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పమ్మా, మూడోసారి నేను అడగను,” అని పొద్దున్నే పెద్ద డాక్టరమ్మ ఫోను చేసింది. ఏమని చెబుతుంది? తల ప్రాణం తోకకొచ్చింది ఆమెకు.

ఇవాళ మళ్లీ ఓట్ల రోజు. ముగ్గురూ కలిసే బయల్దేరాలి. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లోకొచ్చారు. ముఖం వెలిగిపోతోంది. కొడుకు వైపు చూడకుండా, గోడతో చెబుతున్నట్టు, “అమ్మాయ్, చెప్పు వాడితో. ఆలస్యమైనా దారికొచ్చాడు. ఇవాళ పెద్దాయనకే వేస్తున్నాడని పార్కులో స్నేహితులందరికీ చెప్పాను,” అన్నారు.

భర్త చేతిలోని చెప్పు కింద పడింది. “నేనా? పెద్దాయనకా? మారింది ఆయన కదా! ఈసారి ఇంట్లో ఓట్లన్నీ కొత్తాయనకేనని ఆఫీసులో పందెం కాశాను, అడుగు ఆయన్ని!”

“నేను మారడమేమిటమ్మాయ్! పెద్దాయన పడ్డ కష్టం చూసి జాలిపడింది వాడని నువ్వే కదా చెప్పావు?”

“కొత్తాయన మాటలు ఊరంతా వింటోందని ఆయన మెచ్చుకున్నారన్నది నువ్వే కదా?”

ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు. దాచడానికేముంది? “మీరన్న మాటలు మీరన్నట్టే చెబితే ఈ ఇల్లు నిలిచేదా? తిట్లు తీసేసి చెప్పాను,” అంది.

మామగారు కుర్చీలో కూలబడ్డారు. “చూశావురా? రెండేళ్లు మనిద్దర్నీ వెర్రివాళ్లను చేసింది,” అన్నారు.

“అవును నాన్నా,” అన్నాడు భర్త. “రాజకీయాలు తెలియని మనిషి చేతిలో మాటలు పెడితే ఇలాగే ఉంటుంది.”

“ఇంత గుంభనమైన మనిషనుకోలేదురా.”

“నేను మాత్రం అనుకున్నానా నాన్నా? ముందు నువ్వు మంచినీళ్లు తాగు.”

ఆమె ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల పాటు ఒకరి తిట్లు ఒకరికి తగలకుండా తన ఒంటి మీద వేసుకుంది. పండంటి కాపురం అని చుట్టాలు అంటుంటే నవ్వింది. పసిపిల్లల గది వదులుకుంది. వీళ్లకు కావలసింది పెద్దాయనా కాదు, కొత్తాయనా కాదు. తిట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి, అంతే. ఇవాళ తను దొరికింది. ఆ కోపంలో, నీళ్ల గ్లాసు అందుకుంటున్న మామగారిని, అందిస్తున్న మొగుణ్ణి చూస్తూ ఉండగా, ఆమెకు ఒక సంగతి తట్టింది. తట్టగానే గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది.

గుమ్మం దగ్గరే నిలబడి ఫోను తీసి డాక్టరమ్మకు కలిపింది. “శిక్షణకు వెళ్తానమ్మా. మూడు వారాలూ ఉంటాను,” అంది, ఇద్దరికీ వినబడేలా.

“వెళ్లడమేమిటి?” భర్త ఉలిక్కిపడ్డాడు. “ఇక్కడ నేనూ నాన్నా...”

“మీ ఇద్దరికీ మాటలు కలిశాయి కదండీ,” అంది చెప్పులు వేసుకుంటూ. “నన్ను తిట్టడానికి కలిసినవి, అన్నం పెట్టుకోవడానికి కలవవా?”