పిన్ని కుట్టుషాపులో తొలి పాట

మా పాప్ పంక్ బ్యాండు తొలి పాటను మా పిన్ని కుట్టుషాపులో రికార్డు చేశాం. బడులు తెరిచే ముందు వారం అది. గోడల నిండా వేలాడే యూనిఫారాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి, గొంతు మార్మోగదు అన్నాడు మా గాయకుడు. ప్రేమించిన పిల్ల వదిలేసి పోయిందన్న అతని ఏడుపే ఆ పాట. ఒక్కో చరణానికి మూడేసి గంటలు మా ప్రాణం తీశాడు.

ఈలోగా తల్లులు వచ్చి యూనిఫారాలు పట్టుకుపోతూనే ఉన్నారు. మూడో చరణానికి షాపు బోసిపోయి, అతని గొంతు ఖాళీ బిందెలోంచి వచ్చినట్టు మోగింది. "గోడలు ఖాళీ అయిపోయాయిరా" అని మొత్తుకున్నాను. డ్రమ్ములు వాయించేవాడి మాట ఎవడు వింటాడు?

పాట విడుదలయ్యాక రేడియో ఆవిడ మురిసిపోయింది. "చరణం చరణానికీ ఒంటరితనం పెరుగుతూ పోయింది. ఎలా సాధించారు?"

గాయకుడు గొంతు తగ్గించి, "అనుభవించాను మేడం" అన్నాడు.

షాపులో ఆ ఇంటర్వ్యూ వింటున్న పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ నాతో అంది:

"రెండో పాటలో కూడా ఏడుస్తాడేమో కనుక్కోరా. ఏడిస్తే మాత్రం మళ్ళీ బడులు తెరిచేదాకా ఆగాలి."