తడి బొటనవేలు

"టీవీ వాళ్ళొస్తున్నారు, ఆ ఆకు గట్టిగా కప్పవే! ఆవిరి పోయిందంటే మన పరువూ దాంతోపాటే పోతుంది," అంది అత్తగారు. నబ్బోసా ఆవిరి మీద ఉడుకుతున్న మటోకె అరటికాయల మీద అరటాకు సర్దింది. పరువు అంత తేలిగ్గా పోయేదైతే ఈ ఇంట్లో ఎప్పుడో అడుగంటి ఉండేది అనుకుంది.

ముందుగదిలో ఆమె భర్త లుబ్వామా అద్దం ముందు గొంతు సవరించుకుంటున్నాడు. "ఫోనంటే పౌరుడి లోపలి గది. తలుపు తట్టకుండా అందులోకొచ్చే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు!" ఇవాళ కంపాలాలో అతని పేరు తలవని నోరు లేదు. రోడ్డు గుంతల మీద మంత్రిగారిని ఎగతాళి చేస్తూ నెట్‌లో పాట పెట్టిన ఒక కాలేజీ పిల్లని పోలీసులు పట్టుకెళ్ళి, బలవంతాన ఆమె ఫోను తెరిపించారు. నిన్న కోర్టులో లుబ్వామా ఆ పిల్లని గెలిపించాడు. ఆ 'లోపలి గది' అన్న మాట మాత్రం నబ్బోసాది. కాయలు ఒలుస్తూ, పొయ్యి చూస్తూ, పిల్లల్ని స్కూలుకి తయారు చేస్తూ వాదన మొత్తం ఆమే రాసింది. ఆమె కూడా లా చదివింది. "ఇంట్లో ఇద్దరు లాయర్లుంటే అది ఇల్లా, కోర్టా?" అని మామగారు నవ్విన రోజున ఆమె నల్లకోటు బీరువాలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆమె రాస్తుంది, అతను మాట్లాడతాడు. ఎవరైనా అడిగితే "మా ఆవిడ టైపింగ్ బాగా చేస్తుంది" అంటాడు.

తీర్పుకి ముందు ఆదివారం జరిగినది తలుచుకుంటే ఆమెకి ఏడుపు రాదు, రోత పుడుతుంది. భోజనానికి కూర్చున్న మగవాళ్ళ ముందు మోకాళ్ళ మీద ఉండి, ఒక చేత్తో బేసిన్, ఒక చేత్తో కూజా పట్టుకుని వాళ్ళ చేతులకి నీళ్ళు పోస్తోంది. బగాండా తెగవాళ్ళ ఇంటి కోడలు నిలబడి నీళ్ళు పోయదు. చాప మీదున్న ఆమె ఫోను మోగింది. స్నేహితురాలు అపియో ఏదో పంపింది. లుబ్వామా ఆ ఫోను తీసి, భార్య బొటనవేలు లాగి దాని మీద ఒత్తాడు. తడి వేలికి అది తెరుచుకోలేదు. మహానుభావుడు తువ్వాలుతో ఆ వేలు శుభ్రంగా తుడిచి మరీ ఒత్తాడు.

"చూశార్రా, మా ఆవిడకి నా దగ్గర దాపరికాల్లేవు!" అన్నాడు తమ్ముళ్ళతో. అంతకుముందు నబ్బోసా పంపిన మాటలు అందరికీ వినిపించాడు. "ఆ వాదనలో ప్రతి అక్షరం నాదేనే అపియో." తమ్ముళ్ళు పడీపడీ నవ్వారు. "మొగుడి పేరు మింగే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నా," అంది అత్తగారు. 'సరదాకి అన్నాను, నేనేమీ రాయలేదు' అని లుబ్వామా తనే టైపు చేసి అపియోకి పంపేశాడు. భావ ప్రకటనా స్వేచ్ఛ కోసం పోరాడే మనిషి కదా, భార్య భావాన్ని కూడా తనే ప్రకటించేశాడు.

టీవీ వాళ్ళు వచ్చారు. కెమెరా వెలిగింది. భోజనం దగ్గర కూడా లుబ్వామా నోరు ఆగలేదు. "బలవంతంగా తీసుకున్న అనుమతి అనుమతే కాదమ్మా!" అని విలేకరి అమ్మాయికి వివరిస్తున్నాడు. నబ్బోసా బేసిన్, కూజా, తువ్వాలు తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు అతని చేతులకే నీళ్ళు పోసింది. తర్వాత కూజా కింద పెట్టి, అతని బొటనవేలు పట్టుకుని, మెల్లగా తుడిచి, పక్కనే ఉన్న అతని ఫోను మీదికి తీసుకెళ్ళింది.

అతను నిప్పు తొక్కినట్టు చెయ్యి లాక్కున్నాడు. "నీకేమన్నా పిచ్చా? అందులో నా సొంత విషయాలుంటాయి!"

కెమెరా తిరుగుతూనే ఉంది. నబ్బోసా లేచి నిలబడింది.

"రాసుకోమ్మా," అంది విలేకరితో. "ఈ కేసులో ఆయన సొంతంగా అన్న మాట ఇదొక్కటే. మిగతాదంతా నేను రాసింది. ఆదివారం ఇదే తువ్వాలుతో నా వేలు తుడిచి, నా ఫోను తెరిచి, నేను రాయలేదని నా పేరు మీద ఆయనే రాశారు. నా తర్వాతి కేసు అదే."

"నిలబడి మాట్లాడుతున్నావేంటే?" అత్తగారు కేక పెట్టింది. "అతిథుల చేతులకి నీళ్ళెవరు పోస్తారు?"

"పెరట్లో కుళాయి ఉంది అత్తయ్యా," అంది నబ్బోసా. "దానికి నా వేలిముద్ర అక్కర్లేదు."